పెద్దమిద్దె బండ్లెక్కి 'రోజులు మారాయి' చూసొచ్చారు

అమీర్‌పేటలో సారథీ స్టూడియో గోడ కనిపించేంత దూరంలో ఓ టీ కొట్టుంది. వేషాల కోసం తిరిగేవాళ్లూ, కథలు చంకన పెట్టుకుని తిరిగేవాళ్లూ, నాలాగా ఏ పత్రికలోనూ కుదురుగా ఉద్యోగం లేకుండా రాసుకు తిరిగేవాళ్లూ అక్కడ చేరుతూ వుంటారు. నిరుడు సంక్రాంతి వెళ్లిన వారానికి అక్కడే నన్ను పట్టుకున్నాడు నా మిత్రుడొకడు. ఓ డైరెక్టరు గారి దగ్గర అసిస్టెంటు.

"గురూ, మీది మార్కాపురం వైపు కదా! పాతకాలం నాటి దొరగారిల్లు ఏదైనా వుంటే చెప్పు. కథ 1955లో జరుగుతుంది. ఇల్లు తెరమీద కనపడగానే ప్రేక్షకుడు చెప్పులు విడవాలి!"

వాడు ఆమధ్య 'డౌన్‌టన్ ఏబీ' అనే ఇంగ్లీషు సీరియల్ ఏకబిగిన చూసేశాడు. మీలోనూ చాలామంది చూసే వుంటారు. 2010 నుంచి 2015 దాకా వచ్చింది. ఇంగ్లండులో హైక్లేర్ కోటలో తీశారు. ఒక ప్రభువుగారి కుటుంబం, కింద పనివాళ్లు, చుట్టూ పల్లెటూరు. ఊరి ఆసుపత్రి నుంచి పూలపోటీల్లో బహుమతి ఎవరికివ్వాలనేదాకా అన్నిట్లోనూ ఆ ఇంటివాళ్ల చెయ్యే! "మన పల్లెల్లో కూడా ఇదే కథ గురూ, కోటు తీసి పంచె కట్టడమే!" అన్నాడు మావాడు.

"మా వైపు దొరల్లేరు బాబూ" అన్నాను నేను.

అన్నానే గానీ, టీ గ్లాసు కింద పెట్టేలోగానే నాకే అది అబద్ధమనిపించింది. అలాగని పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మార్కాపురం, గిద్దలూరు, కంభం... ఇవన్నీ 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో వుండేవి. (ఆ ఒంగోలు జిల్లాకే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు.) దత్తమండలాల తాలూకు భూములు. మన్రో దొర కాలం నుంచి రైత్వారీ. అంటే రైతు తన శిస్తు తానే సర్కారుకు కడతాడు, మధ్యన జమీందారు వుండడు. అదే తూర్పుకు వెళితే పొదిలి, దర్శి వైపంతా వెంకటగిరి రాజావారి జమీందారీ. అక్కడివాళ్లు జమీందారును తిట్టుకుంటుంటే మావాళ్లు "మనకా పీడ లేదులే" అనుకునేవాళ్లట.

జమీందారు లేడు, నిజమే. పెద్దమిద్దె మాత్రం వుంది!

మా ఊరి పేరు చెప్పను. ఆ ఇంటివాళ్ల మనవలు ఎక్కడెక్కడో పెద్ద ఉద్యోగాల్లో వున్నారు, ఇలాంటి పత్రికలు వాళ్ల కంట కూడా పడుతుంటాయి. మార్కాపురానికి నాలుగు కోసుల దూరంలో, నల్లమల కొండలు నీలంగా కనిపించే మెట్ట పల్లె. జొన్న, సజ్జ, కొర్ర, ఆముదం, కంది... వానదేవుడు కరుణిస్తే ఇవి, కరుణించకపోతే వలస. ఆ ఊళ్లో అందరివీ బోద ఇళ్లయితే, ఒక్క ఇంటికి మాత్రం రాతిగోడలు, మట్టిమిద్దె, ముందు ఏడు మెట్లు, అటూ ఇటూ అరుగులు. అదే పెద్దమిద్దె. ఆ ఇంటి యజమానిని ఊరంతా 'పెద్దయ్య' అనేవాళ్లు, ఆయన భార్యను 'పెద్దమ్మ'. మా తాత ఆ ఇంట్లో జీతగాడు.

మిత్రుడి మాట పట్టుకుని మార్కాపురం బస్సెక్కాను. మా నాయన రిటైరయిన పంతులు. టౌన్లో రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఓ మూల నులకమంచం మీద మా అవ్వ. వయసు ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో, ఆమెకే తెలియదు. చెవులు పాదరసం!

"అవ్వా, పెద్దమిద్దె గురించి చెప్పు. సినిమా తీస్తారంట" అన్నాను.

"సినిమానా? ఆ ఇంటోళ్లే గదరా మాకు సినిమా సూపించింది!" అంది.

ఇక రెండు రోజులు నా నోటుబుక్కు నిండిపోయింది.

అవ్వ కాపురానికి వచ్చేనాటికి పద్నాలుగేళ్లు. ఊళ్లో మంచినీళ్ల బావి ఒక్కటే, అదీ పెద్దమిద్దె పెరట్లో. మా వైపు నీళ్ల సంగతి మీకు తెలిసే వుంటుంది. చాలా ఊళ్లలో ఉప్పునీళ్లు, లేకపోతే పళ్లు గారపట్టించే నీళ్లు. ఎండాకాలం వస్తే పెద్దమ్మ పెరటి తలుపు తీయించేది, పొద్దున ఓ జాము, సాయంత్రం ఓ జాము. మావాళ్లు చేంతాడేసి తోడుకోవచ్చు. దళితవాడ ఆడవాళ్లు మాత్రం బయట కడవలు పెట్టుకుని కూర్చోవాలి. ఎవరో ఒకరు తోడి పైనుంచి పోయాలి. "నేనూ పోశా. అప్పుడు తప్పని తెలవదు నాయనా, తెలిసినాక పోయడానికి బావే లేదు" అంది అవ్వ. ఆ మాట చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఇల్లు చేసేవి ఒకటీ రెండూ కావు. తేలు కుడితే మందు అక్కడే. ఎవరికి పురుడొచ్చినా పెద్దమ్మ దగ్గర్నుంచి ఆముదం, పాతచీరలు, గిద్దెడు నెయ్యి వచ్చేవి. చలికాలంలో తోలుబొమ్మలాట వాళ్లొస్తే వాళ్ల తిండీ, దీపాలకు నూనే ఆ ఇంటివే. పీర్ల పండగకు గుండం తవ్వించేదీ, చెన్నకేశవస్వామి తిరునాళ్లకు మార్కాపురం దాకా బండ్లు కట్టించేదీ ఆ పెద్దయ్యే. బడికి స్థలం ఇచ్చిందీ ఆయనే. ఉగాదికి బడిపిల్లలందరికీ తలా ఒక మార్కాపురం పలక పంచేవాడట. మీరూ మీ నాయనలూ అక్షరాలు దిద్దిన ఆ నల్ల పలకల్లో ఎన్నో మా మార్కాపురం నుంచి వచ్చినవే, తెలుసా!

ఇక ఇంకో వైపు. ఊరి మునసబు కూడా ఆయనే. శిస్తు వసూలు ఆయన చేతిలో. తగువు తీర్చేదీ ఆయనే, ఆ మెట్ల మీద కూర్చుని. విత్తనాలు అప్పిచ్చేదీ ఆయనే. బస్తా తీసుకుంటే పంట ఇంటికి రాగానే బస్తిన్నర కొలవాలి. మా తాతకు ఏడాది జీతం కింద కొలిచిచ్చే గింజలు, ఒక కంబళి, ఒక జత చెప్పులు. ఆ చెప్పులు పెద్దమిద్దె ముందుకొచ్చేసరికి చేతిలోకి వచ్చేవి.

మీలో 'పెదరాయుడు' (1995) చూడనివాళ్లు వుండరు. టీవీలో వేసినప్పుడల్లా మా ఇంట్లోనూ చూస్తాం. మోహన్‌బాబు తీర్పు చెబుతుంటే, పాపరాయుడిగా రజనీకాంత్ నడిచొస్తుంటే ఒళ్లు పులకరిస్తుంది. 'రంగస్థలం' (2018) కూడా చూసే వుంటారు. అందులో జగపతిబాబు ముప్ఫయ్యేళ్లుగా ప్రెసిడెంటు కుర్చీ వదలని ఫణీంద్ర భూపతి. అది చూసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. ఒక సినిమాలో ఊరికి దేవుడు, ఇంకో సినిమాలో ఊరికి శని. మా అవ్వ చెప్పిన పెద్దయ్య ఈ రెండు కుర్చీల్లోనూ పూర్తిగా పట్టడు. నాకు తోచినంతలో, మన సినిమాల్లో ఆయనకు దగ్గరగా వచ్చింది ఎప్పుడో 1950లో ఎల్.వి.ప్రసాద్ గారు తీసిన 'షావుకారు'లో గోవిందరాజుల సుబ్బారావు వేసిన చెంగయ్య. మనిషి చెడ్డవాడు కాదు, కానీ డబ్బు మాట వచ్చేసరికి మాత్రం రాయి. అలాంటి వేషం ఇప్పుడెవరూ రాయడం లేదు, ఎందుకో!

సరే, అవ్వ సినిమా చూసిన కథకు వద్దాం.

మార్కాపురంలో టూరింగు టాకీసు డేరా వేశారు. 'రోజులు మారాయి' ఆడుతోంది. ఆ చిత్రం విడుదలయింది 1955లో. డేరాకు వచ్చేసరికి ఏడాది పట్టిందో ఏమో, "మీ నాయనింకా పుట్టలా" అన్నదొక్కటే అవ్వ లెక్క. తాపీ చాణక్య దర్శకుడు, మాస్టర్ వేణు సంగీతం, నాగేశ్వరరావు, షావుకారు జానకి. ఏరువాక పాటకు నాట్యం చేసిన కొత్తమ్మాయి వహీదా రెహమాన్. ఆ తర్వాత ఆమె బొంబాయి వెళ్లి ఎంతటి తార అయిందో మీకు నేను చెప్పాలా!

పొలాల పని తెరిపిచ్చిన రోజుల్లో ఓనాడు పెద్దయ్య ఊరందరినీ సినిమాకు తీసుకెళతానన్నాడు. ఆరు బండ్లు కట్టించాడు. పెద్దమ్మా, ఆ ఇంటి కోడళ్లూ గూడుబండిలో. మిగతా ఆడవాళ్లు, పిల్లలు ఉత్త బండ్లలో. మగవాళ్లు వెనకాల నడక. మా తాత ముందుబండి తోలాడు. టిక్కెట్లన్నీ పెద్దయ్యే కొన్నాడు. తను కుర్చీ, ఆ ఇంటి ఆడవాళ్లకు బెంచీ, మావాళ్లందరికీ నేల.

సినిమా కథ ఏమిటి? బంజరు భూమి బాగుచేసుకుని బతుకుతున్న రైతులు. దాన్ని కాజేయాలని ఎత్తులు వేసే జమీందారు. ఆ వేషం సి.ఎస్.ఆర్. ఆంజనేయులుది. ఆయన నవ్వుతూ గొంతు కోసే రకం విలనీ వేస్తే ఇక చెప్పేదేముంది! రైతులు ఒక్కటై తిరగబడతారు.

"నేలంతా ఒకటే ఈలలురా! సి.ఎస్.ఆర్. నోరు తెరిస్తే తిట్టేది. మీ తాత పక్కనోడి వీపు మీద చరిచి చరిచి నవ్వినాడు. నాకు మాత్రం గుండె దడ. ఎనక్కి తిరిగి కుర్చీల దిక్కు సూసినా, పెద్దయ్య మొకం ఎట్టుండాదోనని."

"ఎట్లా వుంది?"

"ఆయనా నవ్వతా వుండాడు! మాకంటే గెట్టిగా చప్పట్లు కొట్టినాడు."

తిరిగొచ్చేటప్పుడు వెన్నెలట. ఎవడో కుర్రాడు ఏరువాక పాట కూనిరాగం తీస్తే, ముందుబండిలోంచి పెద్దయ్య "ఏరా, గట్టిగా పాడరా!" అన్నాడట. అందరూ పాడారు. ఊరు చేరేసరికి తొలికోడి కూసింది. ఓ కునుకు తీసి, లేచి, అందరూ మళ్లీ పెద్దయ్య చేలోకే కలుపుకు పోయారు.

నాకు ఆశ్చర్యమేసింది. "అవ్వా, అది తన గురించి తీసిన సినిమా అని ఆయనకు తెలియలేదా?"

అవ్వ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "ఆయన గురించి యాడదిరా? అది జమీందారు కత. మనకు జమీందారు యాడున్నాడు? ఆయనా అట్టనే అనుకున్నాడు, మేమూ అట్టనే అనుకున్నాం."

పాఠకులారా, సారథీ స్టూడియో గోడ పక్కన టీ తాగుతూ నేను చెప్పిన మాటా అదే కదా!

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. వెంకటగిరి లాంటి జమీందారీలు దాంతో పోయాయి. మా ఊళ్లో రద్దు చేయడానికేమీ లేదు. కాగితం మీద అందరూ సమానమైన రైతులే. పెద్దయ్యా రైతే, మా తాతా రైతే! 1984లో రామారావు గారి ప్రభుత్వం వంశపారంపర్యపు మునసబు, కరణాల పదవులు రద్దు చేసేదాకా, పెద్దమిద్దె మీద రాజ్యం చెయ్యిపడిన గుర్తు మా అవ్వకు లేదు. మధ్యలో ఒక్కసారి పడింది గానీ... ఆ ముచ్చట తర్వాత.

ఇక్కడ ఒక సినిమా ముచ్చట చెప్పకుండా వుండలేను. మా పెద్దయ్య తెలియక చేశాడు. తెలిసే చేసిన మహానుభావుడు ఒకాయన వున్నాడు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారు. సారథీ సంస్థకు ఆయన పెట్టుబడి. గూడవల్లి రామబ్రహ్మం దర్శకుడు. 1938లో 'మాలపిల్ల', కాంచనమాల నాయిక, అంటరానితనం మీద ఎక్కుపెట్టిన చిత్రం. 1939లో 'రైతుబిడ్డ', జమీందారీ మీదనే బాణం! బళ్లారి రాఘవ వేషం కట్టారు, టంగుటూరి సూర్యకుమారి నటించింది, గోపీచంద్ మాటలు రాశాడు, కొసరాజు పాటలు రాశాడు. జమీందారు డబ్బుతో జమీందార్లను తిట్టే సినిమా! తోటి జమీందార్లకు కోపం రాకుండా వుంటుందా? వచ్చింది. సినిమా నిషేధానికి కూడా గురయింది. ఆ సారథీ వారే పదహారేళ్లకు 'రోజులు మారాయి' తీశారు. ఆ పాటల్లోనూ కొసరాజు కలమే. మేం టీ తాగే చోట గోడ కనిపిస్తుందే, ఆ స్టూడియో కూడా చల్లపల్లి రాజావారి చలవతో 1950ల్లో లేచిందే.

ఇంత చేసిన సంస్థానం భూముల కోసం తర్వాతి కాలంలో కమ్యూనిస్టుల వెనక నడిచి కూలీలు పోరాడవలసే వచ్చింది. సినిమాకు డబ్బు పెట్టడం వేరు, పొలం గట్టు జరపడం వేరు. దీన్ని పట్టుకుని ఆ రాజావారిని కపటి అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేనలా అనలేను. 'రైతుబిడ్డ' తీయకుండా కూడా ఆయన హాయిగా బతకగలిగేవాడు కదా!

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఇది రాయాలా వద్దా అని మూడు వారాలు తటపటాయించాను.

1952 కరువు. రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టిన కరువు. మా తాత తండ్రికి మూడెకరాల చేను వుండేది. గింజలు లేవు. పెద్దమిద్దెలో నాలుగు బస్తాల జొన్నలు తెచ్చుకుని, ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. మరుసటేడు కూడా వాన సరిగ్గా పడలేదు. బస్తాకు బస్తిన్నర, దానికి మళ్లీ బస్తిన్నర... లెక్క ఎక్కడిదాకా పోయిందో మావాళ్లెవరికీ అర్థం కాలేదు. చేను పెద్దమిద్దె చేలో కలిసిపోయింది. మా తాత జీతానికి కుదిరాడు. "ఆ జొన్నలు లేకుంటే మేం సచ్చిపోయేవాళ్లం. అదీ నిజమే" అంది అవ్వ. "చేను పోయింది. అదీ నిజమే."

తర్వాత ఇందాక దాటేసిన ముచ్చట. 1973లో ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం వచ్చింది. 1975 నుంచి అమలు. మెట్ట అయితే నేలను బట్టి ఒక కుటుంబానికి 35 నుంచి 54 ఎకరాలు మించి వుండకూడదు. పెద్దమిద్దెకు దానికి ఎన్నో రెట్లుంది. ఏం చేశారంటారా? దేశంలో చాలామంది ఏం చేశారో అదే. చుట్టాల పేర, అల్లుళ్ల పేర, చివరికి జీతగాళ్ల పేర కూడా రాయించారు. అలా మా తాత ఒక పొద్దున లేచేసరికి ఆరెకరాల ఆసామి అయ్యాడు! తనదైన మూడెకరాలు నోటిమాట లెక్కలతో పోతే, తనది కాని ఆరెకరాలు స్టాంపు కాగితం మీద వచ్చిపడ్డాయి. ఏ సినిమా కథలోనైనా ఇలా రాస్తే ప్రొడ్యూసరు ఒప్పుకుంటాడా?

మూడేళ్లయ్యాక, గొడవ సద్దుమణిగాక, పెద్దయ్య తాతను బండెక్కించుకుని మార్కాపురం రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఆరెకరాలూ ఆయన అల్లుడికి అమ్మినట్టు కాగితం. తాత వేలిముద్ర వేసి, వేలి సిరా తలకు రాసుకుని బయటికొచ్చాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాయన పది పాసయ్యాడు. ఆ సాయంత్రమే పెద్దయ్య మా నాయనకు రెండు జతల బట్టలు కొన్నాడు, ఇంటర్మీడియెట్‌కు ఫీజు కట్టాడు, ఆ తర్వాత పంతులు ట్రైనింగు అయ్యేదాకా నెలనెలా డబ్బు పంపాడు. ఒక్క నెల తప్పలేదు. మా నాయన పంతులయ్యాడు గనుకే నేను బి.ఏ. చదివాను. బి.ఏ. చదివాను గనుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా నాయనకు ఈ వేలిముద్ర సంగతి తాత పోయాక గానీ తెలియలేదు. తెలిసిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆయనకు మంటే. "చట్టప్రకారం ఆ ఆరెకరాలు మావి. నా చదువుకు ఆయన డబ్బు పెట్టాడా? నా పొలం డబ్బే నాకు పెట్టాడు!" అంటాడు. అవ్వ ఒప్పుకోదు. "ఆ ఆరెకరాలు ఏనాడూ మనయి కావు. మనయి మూడెకరాలు. అడిగితే ఆ మూడు అడుగు. లేనిది అడగబాక" అంటుంది. తల్లీకొడుకులు నలభయ్యేళ్లుగా ఈ వాదన ఆడుతూనే వున్నారు. పండక్కి ఇంటికి వెళ్లిన ప్రతిసారీ నన్ను తీర్పు చెప్పమంటారు. నేనేం పెదరాయుణ్ణా!

మూడోరోజు పొద్దున ఆటో మాట్లాడుకుని అవ్వనూ, నన్నూ వేసుకుని ఊరికి పోయాం. నాయన రానన్నాడు.

పెద్దమిద్దె నిలబడే వుంది. ఏడు మెట్లలో రెండు భూమిలోకి కుంగాయి. మిద్దె మీద పిచ్చిమొక్కలు. పెరటి బావిలో నీళ్లు లేవు. చుట్టూ బోర్లు పడ్డాక అది ఎండిపోయిందట. ఇంట్లో వుండేది పెద్దయ్య కోడలొక్కతే. ఆమెకూ ఎనభై దాటాయి. పిల్లలు అమెరికాలో. ఇంగ్లండులో అయితే ఇలాంటి ఇళ్లు నిలబెట్టలేని వారసులు నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించేవాళ్లు. 1937 నుంచి దానికో ఏర్పాటే వుంది. జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి ప్రభువుగారి మంచాలూ, గిన్నెలూ చూసొస్తారు. మా పెద్దమిద్దెకు టిక్కెట్టు పెట్టినా ఎవరొస్తారు? గోడకు కరెంటు మీటరు, ఒక పాత రేడియో, దేవుడి పటాలు. అంతే.

"ఎవరూ?" అంది ఆమె లోపల్నుంచి.

"నేనమ్మా, ముందుబండి తోలేటోడి పెళ్లాన్ని."

"ఓసి నువ్వా! రావే, రా. ఇంకా వుండావా? లోపలికి రా, కుర్చీలో కూచో."

అవ్వ లోపలికి పోలేదు. మూడో మెట్టు మీద కూర్చుంది. నేను చెయ్యి పట్టి లేపబోతే విదిలించుకుంది. "ఇదే నా చోటురా. ఈడ కూచుంటేనే నాకు మాట వచ్చేది" అంది. ఆమె కూడా బలవంతం చేయలేదు. గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఇద్దరూ గంటసేపు చచ్చిపోయినవాళ్ల లెక్క తీశారు. నేను సెల్‌ఫోనుతో ఫోటోలు తీసుకుంటూ తిరిగాను. మా మిత్రుడి పని కూడా చూడాలి కదా.

లేచే ముందు అవ్వ అడిగింది. ఎంత మామూలుగా అడిగిందో! "అమ్మా, మీ మామగారి చెక్కపెట్టె వుండేది. కాయితాలు పెట్టేది. అదుండాదా?"

"యాడదే! చెదలు తినేసినాయి. పదేళ్లవుతాది, పాతపేపర్లోడికి తూకానికేసినాం. ఏం కావాల్సింది?"

"ఏం లా. మా మామ ఏలిముద్ర వుండేది దాంట్లో. సూద్దామని."

ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఒక చీర తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టింది. కొత్తచీరే, ఎవరో పెట్టింది కాబోలు, మడత విప్పలేదు. వద్దంటుందేమోనని నేను చూస్తున్నాను. అవ్వ కళ్లకద్దుకుని తీసుకుంది. నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఆ చీర నాకు పెట్టింది కాదు కదా.

ఆటోలో వస్తుండగానే ఫోటోలు మిత్రుడికి పంపాను. పావుగంటలో ఫోను వచ్చింది. "గురూ, ఇదేంటి ఇంత చిన్నగా వుంది? మెట్లు ఏడేనా? మాకు కనీసం ఇరవై కావాలి. హీరో తండ్రి పైనుంచి దిగుతుంటే కెమెరా కింద వుండాలి. పోనీలే, హైదరాబాదులోనే సెట్టు వేసుకుంటాం!"

అవ్వకు అంతా వినిపించింది. చెప్పాను కదా, చెవులు పాదరసం.

"సెట్టంటే?"

"ఉత్తుత్తి ఇల్లు కడతారవ్వా. అట్టలతో, ప్లైవుడ్డుతో."

"అవునా!" అంది. చీర పక్కన పెట్టుకుని కాసేపు రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. రోడ్డు పక్క గుట్టలు గుట్టలుగా పలకల రాయి చెత్త. టౌను దగ్గర పడింది.

"ఇంతకీ ఆ సినిమాలో మీ తాత ఏషం ఎవురేస్తారు?" అని అడిగింది.

మిత్రుడు చెప్పిన కథంతా నాకు తెలుసు. దొరగారున్నారు, దొరసాని వుంది, ఇద్దరు కొడుకులు, ఒక పట్నం కోడలు, నమ్మిన బంటు ఒకడు, నాలుగు ఫైట్లున్నాయి. బండి తోలేవాడి వేషం మాత్రం లేదు.

"ఇంకా అనుకోలేదంటవ్వా" అన్నాను.